నాలుగున్నర శ్రుతి

జకరయ్య మేస్టారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా నేర్చుకోవడానికి వస్తే ఏ పాట కావాలో వాళ్ళనే అడిగేవారు. వాళ్ళు చెప్పిన పాటే నేర్పేవారు. అంతవరకు బాగానే ఉండేది. ఆ పాట ఒక శ్రుతిలో పట్టుబడిందని శిష్యులు సంబరపడేలోగా, దాన్నే పక్క శ్రుతిలో వాయించమనేవారు. అది వస్తే దాని పక్కది. ఒకటి, ఒకటిన్నర, రెండు, రెండున్నర, ఇలా ఏడు దాకా, మధ్యలో వచ్చే ఐదు అరలతో కలిపి మొత్తం పన్నెండు. పన్నెండూ పూర్తయితేగాని రెండో పాట ఊసెత్తనిచ్చేవారు కాదు. సామర్లకోట స్టేషను వెనక ఆయన అద్దెకున్న రెండు గదుల ఇంటికి ఇరవై ఏళ్ళలో చాలామందే వచ్చారు. రెండో పాట మొహం చూసినవాళ్ళు మాత్రం ఒక చేతి వేళ్ళకు మించరు.

ఆయన నేర్పేది వీణా కాదు, వేణువూ కాదు. దాని పేరు గ్లాకెన్‌స్పీల్. నోరు తిరగని పేరు గనుక ఊళ్ళో అందరూ గంటల పెట్టె అనేస్తారు. చిన్న సూట్‌కేసంత చెక్కపెట్టె. మూత తీస్తే లోపల ఉక్కు పలకలు పైన ఒక వరస, కింద ఒక వరసగా, హార్మోనియం మెట్ల మాదిరే పేర్చి ఉంటాయి. గుండు తల ఉన్న రెండు పుల్లలతో వాటిని కొడితే, గుడిగంటకు మనవరాలు పుట్టి మాటలు నేర్చినట్టుగా మోగుతాయి. మద్రాసులో ముప్పై ఏళ్ళపాటు సినిమా పాటల రికార్డింగుల్లో మేస్టారు ఈ పెట్టె ముందే కూర్చున్నారు. నలభై వయొలిన్లు ఒక్కసారిగా లేచి పడుతుంటే చేతులు కట్టుకుని ఓపిగ్గా కూర్చోవడం, పాటలో ఎక్కడో ఒకచోట నాలుగు దెబ్బలు కొట్టడం, పుల్లలు గుడ్డలో చుట్టుకుని ఇంటికి పోవడం, ఇదీ ఆయన ఉద్యోగం. ఆ నాలుగు దెబ్బలు ఉన్నాయని ఎవరూ అనుకోరు. లేకపోతే మాత్రం పాట చప్పబడుతుంది. ఉప్పు సంగతి వంట చేసేవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

ఈ కథ హైమవతిది. ఆమె ఊళ్ళోని సర్కారు ఆసుపత్రిలో ల్యాబు టెక్నీషియను. ముప్పై మూడేళ్ళ మనిషి, జనం రక్తం తీసి సీసాల్లో పోసి చీటీలు అంటించే ఉద్యోగం, ఆ వయసులో గంటల పెట్టె ఎందుకు నేర్చుకోవాలనిపించిందని తోటివాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. దానికి కారణం మార్తమ్మగారు.

మార్తమ్మగారు అదే ఆసుపత్రిలో హెడ్ నర్సు. ముప్పై నాలుగేళ్ళుగా ఆ ఊరి పిల్లలందరికీ సూదిమందు వేసింది ఆవిడే. ఆవిడ దగ్గర ఒక ఉపాయం ఉండేది. పిల్లవాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని ఒక పాత సినిమాలోని జోలపాట కూనిరాగం తీసేవారు. ఆ పాట పేరు నేను చెప్పను. చెబితే మీరు దాన్ని పాడుకుంటూ కూర్చుంటారు, కథ వినరు. దాని పల్లవిలో ప్రతి పాదం చివరా నాలుగు చిన్న గంటలు మోగుతాయి. మనవాళ్ళకు పాటతోపాటు వెనకాల వాయించినవి కూడా నోటితోనే పాడుకునే అలవాటు ఉంది కదా, అలాగే ఆవిడ పాదం పాడేసి, ఆ గంటలు కూడా తానే "టిం, టిం, టిటిం" అని అనేవారు. ఆఖరి టిం దగ్గర సూది దిగేది. పిల్లవాడు గంట కోసం చెవి ఒగ్గి ఉండేవాడు గనుక ఏడవడం ఒక క్షణం ఆలస్యమయ్యేది, ఆ క్షణంలో పని అయిపోయేది. ఇప్పటికీ ఆ ఊళ్ళో పెద్ద పెద్ద మీసాలున్న వాళ్ళు సైతం, రేడియోలో ఆ పాట వస్తే తెలియకుండానే జబ్బ తడుముకుంటారు.

హైమవతి కూడా ఆ ఒళ్ళో సూది పొడిపించుకున్న పిల్లే. ఆ నాలుగు గంటలూ మార్తమ్మగారి నోట్లోనే పుట్టాయని ఆమె చాలాకాలం నమ్మింది. పదహారో ఏట మొదటిసారి రేడియోలో విన్నప్పుడు, అవి నిజంగా మోగే వస్తువొకటి లోకంలో ఉందని తెలిసి నిర్ఘాంతపోయింది. ఆ వస్తువు వాయించిన మనిషి తమ ఊళ్ళోనే, స్టేషను వెనకే ఉంటున్నాడని తెలియడానికి మరో పదహారేళ్ళు పట్టింది. అదీ ఆయన కాలి పుండు వల్ల. షుగరు రోగి కాబట్టి రెండు నెలలపాటు మేస్టారు రోజూ ఆసుపత్రికి వచ్చి మార్తమ్మగారి చేత కట్టు కట్టించుకునేవారు. ఆయన రక్తం తీస్తూ హైమవతి మాటల్లో పెట్టి సంగతి రాబట్టింది. ఏ పాట కావాలని మేస్టారు అడిగితే ఆమె ఏ పాట చెప్పి ఉంటుందో మీకు తెలుసు. మేస్టారు తల ఊపి, తన దగ్గరున్న రెండో పెట్టెను ఇంటికి తీసుకెళ్ళి సాధన చేసుకోమని ఇచ్చారు.

తొమ్మిది నెలలు గడిచాయి. ఆరు శ్రుతులు అయ్యాయి. ఏడోది నాలుగున్నర. దీని దగ్గరే వచ్చింది పేచీ. ఒకటి శ్రుతిలో ఆ నాలుగు గంటలూ కింది వరస పలకల మీద తీరిగ్గా కూర్చుని ఉంటాయి. నాలుగున్నరకు వచ్చేసరికి నాలుగూ పై వరసకు ఎక్కేస్తాయి. కింద అలవాటైన చెయ్యి పైకి చాచాలి, అక్కడ పలకల మధ్య ఖాళీలు, చూపు ఒకచోట, పుల్ల ఒకచోట. మూడు వారాలు తంటాలు పడినా హైమవతి చేతికి అది ఎక్కలేదు. పులి మీద పుట్రలా, ఆ వారమే ఆమె బుజ్జిబాబును కలిసింది.

బుజ్జిబాబు ఆ ఊళ్ళో ఆర్కెస్ట్రా నడుపుతాడు. పెళ్ళిళ్ళకు, వినాయక చవితి పందిళ్ళకు సినిమా పాటలు కడతాడు. మంచివాడే, చెయ్యి కూడా మంచిదే. మార్తమ్మగారి రిటైర్మెంటు సభకు అతన్ని కుదిర్చింది హైమవతే. ఆ సభలో తాను కూడా ఒక పక్కన కూర్చుని గంటలు వాయిస్తానని, బాగుంటే తర్వాత కూడా తనను ట్రూపులోకి తీసుకోమని ఆమె సిగ్గు విడిచి అడిగింది. బుజ్జిబాబు నవ్వకుండా, చాలా మర్యాదగా కీబోర్డు మీద ఒక బటన్ నొక్కి నాలుగు మెట్లు వాయించి చూపించాడు. అచ్చం గంటలే. "ఇది మాకు ఇందులోనే వచ్చేస్తుంది మేడంగారండీ," అన్నాడు. శ్రుతి మార్చడానికి కూడా ఒక బటన్ ఉందని, నొక్కితే చాలని, చెయ్యి కదపనక్కర్లేదని అది కూడా నొక్కి చూపించాడు. అబద్ధమెందుకు, ఆ బటన్‌లోని గంట పెట్టెలోని గంటకన్నా ఒక పిసరు తీయగానే ఉంది.

ఆ ఆదివారం హైమవతి మేస్టారి ఇంటికి పెట్టె లేకుండా వచ్చింది. ఆమె ఉత్త చేతుల వంక చూసి ఆయన కుర్చీ జరిపారు. కూర్చోమని టీ పోశారు. ఆమె తాగలేదు. తొమ్మిది నెలలుగా గొంతులో ఉన్నది ఒక్కసారే అడిగేసింది. ఉన్నవి నాలుగు గంటలు, వాటిని పన్నెండు చోట్ల నేర్చుకోవడం ఎందుకు? ఒక్క బటన్ నొక్కితే అయ్యే పనికి మనిషి జీవితంలో ఏడాది ఎందుకు పోవాలి? అసలు నాలుగున్నరలో ఎవరు పాడతారు? ఈ ప్రశ్నలకు తనకు సమాధానం దొరకకపోతే పెట్టె తిరిగి ఇచ్చేస్తానని కూడా అంది. అనేశాక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పెట్టె లేకుండా ఇంట్లో సాయంత్రాలు ఎలా ఉంటాయో ఆమె అప్పటికే ఊహించుకుని ఉంది.

మేస్టారికి వాదించే అలవాటు లేదు. మద్రాసులో ముప్పై ఏళ్ళు నోరు మూసుకుని వంతు కోసం కూర్చున్న మనిషి వాదనలు ఎక్కడ నేర్చుకుంటారు? ఆయన తన టీ పూర్తిగా తాగారు. బుజ్జిబాబు బటన్ సంగతి శ్రద్ధగా అడిగి తెలుసుకున్నారు. అది మంచి సాధనమేనని మెచ్చుకున్నారు కూడా. తర్వాత, రేపు మార్తమ్మగారి సభకు తాను కూడా వస్తున్నానని, పెట్టె అక్కడికే పట్టుకురమ్మని, తిరుగు ప్రయాణంలో ఆటోలో వేసుకుపోతానని చెప్పారు. "ఆయ్, అలాగేనండీ," అంది హైమవతి. సమాధానం చెప్పకుండా పెట్టె తీసేసుకుంటున్నందుకు ఆమెకు కొంచెం కోపం కూడా వచ్చింది.

మర్నాడు సాయంత్రం ఐదింటికి ఆసుపత్రి మీటింగు హాల్లో సభ. ముప్పై నాలుగేళ్ళు తెల్లచీరలో తప్ప కనబడని మార్తమ్మగారు ఆ రోజు మామిడిచిగురు రంగు పట్టుచీర కట్టుకుని వచ్చి, ఎవరి ఇంటికో పేరంటానికి వచ్చినట్టు మొహమాటంగా కుర్చీ అంచున కూర్చున్నారు. డాక్టర్లు మాట్లాడారు, వార్డుబాయ్‌లు మాట్లాడారు, దండలు పడ్డాయి. బుజ్జిబాబు బృందం నాలుగు పాటలు వాయించింది. హైమవతి కాళ్ళ దగ్గర గంటల పెట్టె. పక్క కుర్చీలో చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని మేస్టారు.

మార్తమ్మగారి చేత ఆ జోలపాట పాడించాలన్నది హైమవతి పట్టుదల. ఆవిడ వారం రోజులుగా వద్దంటూనే ఉన్నారు. తనది సూది పొడిచేటప్పటి పాటే గాని స్టేజీ పాట కాదని, మైకు ముందు ఎప్పుడూ నోరు విప్పలేదని చెప్పి చూశారు. హైమవతి వినలేదు. మేమంతా విన్న పాటేగా సిస్టరుగారూ, ఆఖరి రోజున ఒక్కసారి అందరి ముందూ పాడకపోతే ఎలా అని గారాబం చేసి, బతిమాలి, చివరికి ఆ సాయంత్రం చెయ్యి పట్టుకుని స్టేజీ మెట్లు ఎక్కించి వచ్చి తన కుర్చీలో కూర్చుంది. హాలంతా చప్పట్లు.

ఆవిడ మైకు పట్టుకున్నారు. ముందు వాయిద్యాలు మొదలవ్వాలని ఆవిడకు తెలియదు. వార్డులో ఎవరు మొదలుపెడతారు? అందుకని తన మానాన తాను మొదటి పాదం అందుకున్నారు. చిన్న గొంతు, కొంచెం వణుకు, అయినా బాగానే ఉంది. ఆ ఒక్క పాదం వింటూ మేస్టారు వంగి, హైమవతి కాళ్ళ దగ్గరున్న పెట్టె మూత కాస్త ఎత్తి, గోటితో ఒక పలకను మీటి, చెవి ఒగ్గి, మళ్ళీ మూత వేశారు. ఎందుకో హైమవతికి అర్థం కాలేదు.

అప్పుడు బుజ్జిబాబు అందుకున్నాడు. అతను రికార్డులో ఉన్న ఐదున్నర శ్రుతిలో సిద్ధంగా ఉన్నాడు. ఆవిడ కింద ఎక్కడో ఉన్నారు. చెవి ఉన్నవాడు గనుక వెంటనే తెలుసుకుని, బటన్ నొక్కి ఒక మెట్టు దిగాడు. కాని ఆ లోపల ఆవిడ అతని వాయిద్యం విని, తానే తప్పు పాడుతున్నానని భయపడి, పైకి పాకారు. అతను మళ్ళీ దిగాడు. ఆవిడ అతన్ని అందుకుందామని మళ్ళీ దిగారు. అతను ఎక్కాడు. ఆవిడ కోసం అతను, అతని కోసం ఆవిడ, ఇద్దరూ మర్యాదస్తులే, ఎదురెదురుగా నడుస్తూ ఒకరికొకరు దారి ఇవ్వబోయి ఒకే పక్కకు జరిగే ఇద్దరు మనుషుల్లా అయింది వ్యవహారం. పాదం చివర అతని బటన్‌లోంచి గంటలు మోగాయి గాని, ఒక్కోసారి ఒక్కో ఎత్తున మోగుతుంటే అవి ఆ గంటలేనని ఎవరూ గుర్తుపట్టలేదు. రెండో పాదానికి వెనక వరసలో ఎవరో ముసిముసిగా నవ్వారు. మూడో పాదానికి కొత్తగా చేరిన కుర్రడాక్టరు ఒకతను ఫోను ఎత్తి పట్టుకున్నాడు. నాలుగో పాదం ఆవిడ మొదలుపెట్టలేదు.

మార్తమ్మగారు మైకును రెండు చేతులా పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు చూడలేక హైమవతి తల దించుకుంది. "చాల్లెండి బాబూ, వయసైపోయింది," అని ఆవిడ మైకు కింద పెట్టబోయారు. రేపటినుంచి ఆవిడ ఈ ఆసుపత్రికి రారు. ఈ ఊరికి ఆవిడ గురించి ఆఖరున మిగిలేది ఈ నవ్వులు, ఆ ఫోనులోని బొమ్మ. దానికి కారణం తానేనన్న సంగతి హైమవతి గుండెలో కలుక్కుమంది.

"పెట్టె పైన పెట్టమ్మా," అన్నారు మేస్టారు పక్కనుంచి.

ఆమె దండలు పెట్టిన బల్ల మీద చోటు చేసి పెట్టె పెట్టి మూత తీసింది. మేస్టారు కర్ర మీద లేచి, పుండు మానిన కాలిని జాగ్రత్తగా వేస్తూ బల్ల దగ్గరికి నడిచారు. స్టేజీ పక్కన బల్ల. అక్కడినుంచి బుజ్జిబాబుకు వినబడేంత మటుకే గొంతు ఎత్తి, "బాబూ, ఆవిడ వెనకాల పరిగెత్తకు. చేతులు తీసెయ్యి," అన్నారు. బుజ్జిబాబు చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మేస్టారు పుల్లలు తీసుకుని నాలుగు గంటలు కొట్టారు. పై వరస మీద, నాలుగున్నరలో. టిం, టిం, టిటిం.

హాల్లో సగం మంది చేతులు వాళ్ళ వాళ్ళ జబ్బల మీదికి పోయాయి. పోయిన చేతులను వాళ్ళే చూసుకున్నారు, పక్కవాళ్ళ చేతులూ చూశారు, గొల్లుమన్నారు. ఆసుపత్రి వంటమనిషి నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. ఫోను ఎత్తిన కుర్రడాక్టరు పైఊరివాడు, వాడికి మాత్రం ఏమీ బోధపడక బిక్కమొహం వేశాడు. మార్తమ్మగారు ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు గంటలు వచ్చిన వైపు తిరిగారు. ఆ నాలుగూ ఆవిడ నోట్లో ముప్పై నాలుగేళ్ళుగా ఉన్నవే, ఉన్న చోటే మోగాయి. మైకు మళ్ళీ నోటి దగ్గరికి వచ్చింది. పల్లవి మొదటినుంచి అందుకున్నారు.

ఇక్కడ ఆ పాట దివ్యంగా సాగిపోయిందని నేను రాస్తే కథ సులువుగా అయిపోయేది. అలా జరగలేదు. రెండో పాదంలో ఆవిడ మళ్ళీ ఒక పిసరు జారారు. పాదం చివర మేస్టారి గంటలు మోగాయి. అవి ఆవిడ జారిన చోటికి దిగలేదు. ఇది తప్పు అని గట్టిగా చెప్పడానికి పైకీ పోలేదు. మొదటిసారి ఎక్కడ, ఎంత మెల్లగా మోగాయో అక్కడే, అంతే మెల్లగా మోగాయి. ఇంటి ముందు దీపం పెట్టినవాళ్ళు ఆ దీపం పట్టుకుని వీధులు తిరగరు కదా. మూడో పాదానికి ఆవిడ ఆ వెలుగు ఆనవాలు పట్టి నడిచి వచ్చేశారు. నాలుగో పాదానికి గొంతులో వణుకు లేదు.

చరణంలో పాదాలు పొడుగు. ఆవిడకు ఊపిరి చాలక ఒకచోట ఆగి, గుటక వేసి, మళ్ళీ అందుకున్నారు. తాళం లెక్కన గంటలు అప్పటికే మోగిపోవాలి. మేస్టారు పుల్లలు గాలిలో ఎత్తిపట్టి ఉంచారు. హైమవతి ఆయన పక్కనే నిలబడి ఉంది గనుక ఆయన కళ్ళు ఎక్కడున్నాయో చూసింది. అవి పలకల మీద లేవు. మార్తమ్మగారి పట్టుచీర కొంగు దగ్గర, గుండె ఎగసి పడుతున్న చోట ఉన్నాయి. ఊపిరి దిగింది, మాట పూర్తయింది, అప్పుడు గంటలు మోగాయి. పై వరసలో ఎక్కడ ఖాళీ ఉందో, ఎక్కడ పలక ఉందో ఆ చేతికి కళ్ళతో పని లేదు. తొమ్మిది నెలలుగా తాను విసుక్కున్న ఆ చేతికి దండం పెట్టాలనిపించింది హైమవతికి. బుజ్జిబాబు కూడా తన బటన్లను మరచిపోయి, ముందుకు వంగి, నోరు కొంచెం తెరుచుకుని చూస్తున్నాడు.

ఆఖరిసారి పల్లవి. మూడు పాదాలు అయ్యాయి. నాలుగో పాదం ఆవిడ అందుకోగానే మేస్టారు చెప్పాపెట్టకుండా పుల్లలు తెచ్చి హైమవతి చేతిలో పెట్టి, ఒక అడుగు పక్కకు జరిగారు.

ఆమెకు భయపడడానికి కూడా వ్యవధి లేదు. పాదం నడుస్తోంది. ఎవరి చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కించిందో ఆ మనిషి కొంగు వైపు చూసింది. ఊపిరి దిగింది. హైమవతి చెయ్యి పై వరసకు లేచింది. టిం. టిం. టి... మూడూ పడ్డాయి. నాలుగోదానికి చెయ్యి పాత అలవాటు కొద్దీ కింది వరసకు దిగబోయింది. తప్పని తెలిసి ఆగింది. ఏది ఒప్పో తెలియలేదు. పుల్ల గాలిలోనే నిలిచిపోయింది. హాలంతా ఆ నాలుగో గంట కోసం జబ్బ మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

"టిం," అన్నారు మార్తమ్మగారు మైకులో.

అచ్చంగా నాలుగున్నరలో, పలక మోగినంత నిక్కచ్చిగా. అని, హైమవతి వంక చూసి, సూది వేసేశాక పిల్లల బుగ్గ మీద తట్టేటప్పటి నవ్వు నవ్వారు. అప్పుడు లేచిన చప్పట్లకు ఆసుపత్రి కిటికీల మీది పావురాలన్నీ ఎగిరిపోయాయి. హైమవతి ఏడ్చింది.

సభ ముగిశాక మార్తమ్మగారు, తన వెనక అతను కూడా వాయిస్తూనే ఉన్నాడనుకుని, నేరుగా బుజ్జిబాబు దగ్గరికి వెళ్ళి, నీ వాయిద్యం ఉండబట్టి పాడగలిగాను నాయనా అని రెండు చేతులూ పట్టుకుని ఆశీర్వదించారు. బుజ్జిబాబు మేస్టారి వైపు చూసి తల వంచుకున్నాడు. మేస్టారు మాత్రం ఆ మాటకు అందరికన్నా ముందు చప్పట్లు కొట్టారు. ఆవిడ అలా అనుకోవడం ఆయనకు నిజంగానే సంతోషంగా ఉన్నట్టు కనబడింది. ఆయన ముప్పై ఏళ్ళు పాడేవాళ్ళ వెనకాల కూర్చున్న మనిషి.

గేటు దగ్గర ఆటో ఆగింది. మేస్టారు కర్ర లోపల పెట్టి, కాలు జాగ్రత్తగా ఎత్తి ఎక్కి కూర్చున్నారు. గంటల పెట్టె హైమవతి చేతుల్లోనే ఉంది. ఆయన దాన్ని అడగలేదు, ఆమె ఇవ్వలేదు. ఆటో బయలుదేరబోతుంటే ఆమె కమ్మీ పట్టుకుని ఆపింది.

"మేస్టారండీ, సిస్టరుగారు నాలుగున్నరలో అందుకుంటారని మీకు ముందే తెలుసాండీ?"

మేస్టారు ఆమె చేతుల్లోని పెట్టెను, ఆమె మొహాన్ని ఒకసారి చూశారు.

"తెలిస్తే ఆ ఒక్కటే నేర్చుకునేవాణ్ణి కదమ్మా," అన్నారు.